అమ్మ పేరు అడిగే తలుపు

ఇంకా ఆరలేదు, ఆరకముందే విప్పితే పెళ్ళికూతురికి అరిష్టమంటుంది ఫిక్రియా ముసలమ్మ, అరిష్టం సంగతి దేవుడెరుగు, విప్పితే ముసలమ్మ నోట చీవాట్లు మాత్రం ఖాయం అనుకుంది సుహేర్, రెండు పిడికిళ్ళ నిండా గోరింట ముద్ద, పైన పాత గుడ్డపీలికలు, ఆ పైన దారంతో బిగించి ముడి, ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు, జుట్టు కళ్ళలో పడినా తోసుకోవడానికి లేదు, అరికాళ్ళకీ పట్టించారు కాబట్టి లేచి రెండడుగులు వెయ్యడానికి అసలే లేదు, చిన్నాన్న కూతురు రద్వా పెళ్ళి రేపు, మధ్యాహ్నం అన్నాలయ్యాక చాపలు పరిచి ఊరి ఆడవాళ్ళందరినీ ఇలా వరసగా గోడకి చేరేసి కట్టిపడేసింది ముసలమ్మ, ఉక్క, గోరింటాకు వాసన, రద్వా స్నేహితురాళ్ళు మోచేతులతో డోలు కొడుతూ పాటలు, ఇంతలో ఒళ్ళో ఉన్న ఫోను మళ్ళీ గుర్రుమంది, ఇందాకటి నుంచి ఇది ఎన్నోసారో, నల్లటి గౌను మీద దాని అద్దం వెలిగింది, తల వంచి చూస్తే మళ్ళీ అదే వాక్యం, మీ రహస్య ప్రశ్నకి ఎవరో తప్పు జవాబు ఇచ్చారు, మీరు కాకపోతే వెంటనే జవాబు మార్చుకోండి, వెంటనేనట, చేతులుంటే కదా వెంటనే మార్చడానికి.

ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారులే అని మొదటిసారి సర్దిచెప్పుకుంది, రెండోసారి ఎక్కడో పరదేశంలో కూర్చుని వెయ్యి తలుపులు తట్టే దొంగల్లో ఒకడు అనుకుంది, వాళ్ళకి కైరోకి ఎంతో దూరంలో ఉన్న ఎస్నాలో ఒక లెక్కల టీచరు రాసుకునే బ్లాగుతో ఏం పని, తట్టి తట్టి పోతారు అనుకుంది, కానీ ఇప్పుడు సగం మూసిన కిటికీ చెక్కల మీదుగా వీధిలోంచి గొంతు వినబడింది, షామియానా కింద బల్లల మీద చేరిన మగవాళ్ళలోంచి షాజ్లీ గొంతు, ఫోన్లు బాగుచేసే షాజ్లీ, అన్నయ్య హమ్దీ ప్రాణస్నేహితుడు, ఫాతిమా కాదు, జైనబ్ కాదు, ఖదీజా కూడా కాదురా, ఇంకో మంచి పేరు చెప్పండి, అంటున్నాడు, ఎవరో నబవియ్యా అని కొట్టు అన్నారు, కాదట అన్నాడు షాజ్లీ, సుహేర్ ఒళ్ళో ఫోను గుర్రుమంది. కాళ్ళూ చేతులూ ఆడలేదనడం ఒక మాట, ఆమెకి నిజంగానే ఆడలేదు, అంటే వాళ్ళే, తట్టేది వాళ్ళే, మెట్ల కింద అనే తన బ్లాగు వాకిట్లో తన అన్న, అన్న స్నేహితులు, కూల్‌డ్రింకులు తాగుతూ నిలబడి ఉన్నారు, పాస్‌వర్డ్ మరిచిపోయాను అని నొక్కితే ఆ పాతకాలపు సైటు ఒక్కటే అడుగుతుంది, నీ తల్లి పేరేమిటి అని, సరిగ్గా చెప్పినవాడిని లోపలికి రానిచ్చి కొత్త తాళంచెవి చేతికిస్తుంది, తప్పు చెప్తే కాసేపు ఆగమంటుంది, ఆగమంటుంది అంతే, పొమ్మనదు.

ఎన్ని జాగ్రత్తలు పడింది, ఈ గదిలో ఇంతమంది ఆడవాళ్ళు తమ బంగారం దాచుకోవడానికి కూడా అన్ని జాగ్రత్తలు పడి ఉండరు, పాస్‌వర్డ్ ఎవరూ ఊహించలేనంత పొడవు, ఎక్కడా రాసిపెట్టుకోలేదు, బడి కంప్యూటర్లో ఒక్కసారి కూడా తెరవలేదు, ముక్కూమొహం తెలియని లింకుల జోలికి పోలేదు, మేడ మీంచి తీసిన ఫోటో ఒక్కటి పెట్టలేదు, నది వంపు చూసి ఊరు పట్టేసేవాళ్ళుంటారని, ఇవాళ జరిగింది ఇవాళ రాయలేదు, నెల ఆగి రాసింది, ఎస్నా యాస ఒక్క ముక్క దొర్లకుండా కైరో వాళ్ళలా రాసింది, ఫోనుకి కోడు పంపిస్తాం అదే రెండో తాళం అని సైటువాళ్ళు అంటే వద్దంది, లైను తీసుకున్నది హమ్దీ గుర్తింపు కార్డు మీద, షాజ్లీ కొట్టుకెళ్ళి హమ్దీ ఒక్క సంతకం పెడితే ఆ నెంబరు ఇంకో ఫోనులో మోగుతుంది, ఆ కోడూ అక్కడే వాలుతుంది, అందుకని ప్రశ్నే మేలనుకుంది, చదివిన మొదటి బడి పేరు అడిగారు, ఊరంతటికీ అప్పుడు ఉన్నది ఒకటే బడి, పెంపుడు జంతువు పేరు అడిగారు, గాడిదకి పేరెవరు పెడతారు, ఇష్టమైన వంట అడిగారు, ములూఖియా ఇష్టం లేనివాళ్ళెవరు, ఆఖర్న తల్లి పేరు అని కనబడగానే ప్రాణం లేచొచ్చింది, ఇంకో దేశంలో అది అందరి నోళ్ళలోనూ నానే సంగతేమో, ఇక్కడ మాత్రం తల్లి పేరు నలుగురిలో పలకడం మగవాడికి తలవంపులు, అంతకంటే లోతైన గొయ్యి ఏముంది ఒక మాట దాచడానికి, అమ్మని వీధి వీధంతా హమ్దీ వాళ్ళమ్మ అంటుంది, నాన్న బతికున్నప్పుడు మా ఇంట్లోవాళ్ళు అనేవాడు, రొట్టెల కొట్టువాడు మర్యాదకి హాజ్జా అంటాడు, తఫీదా అని పిలిచినవాళ్ళు అమ్మమ్మతోనే పోయారు, నాలుగో తరగతిలో ఒక కుర్రాడు హమ్దీ పుట్టుక కాగితం చూసి ఆ పేరు బడి ఆవరణలో గట్టిగా అరిచినందుకు హమ్దీ వాడి మీదపడి కొట్టి, వాడి చేతిలో తిని, సగం పన్ను విరగ్గొట్టుకుని ఇంటికొచ్చాడు, ఎందుకురా అని అమ్మ అడిగితే చెప్పలేదు, ఎలా చెప్తాడు, నీ పేరు కోసమని చెప్తే ఆ పేరు మళ్ళీ అన్నట్టే కదా, ఆ కుర్రాడు కుటుంబంతో సువేజ్ వెళ్ళిపోయాడు, ఊళ్ళో ఇంక ఆ పేరు తెలిసిన మగవాడు హమ్దీ ఒక్కడే.

అయినా దొరికిపోయింది, ఒక్క పచ్చరంగు దగ్గర దొరికిపోయింది, నది మీద పడవ నడిపే సలీం చచ్చిపోయాక అతని పెళ్ళామే తెడ్డు పట్టుకుని ఏళ్ళ తరబడి పిల్లలందర్నీ అవతలి ఒడ్డు బడికి దాటించింది, ఆవిడ పోయిన రోజు మసీదు మైకులో సలీం భార్య, అలీ తల్లి అల్లాని చేరుకుంది అన్నారు, అంతే, ఆవిడ పేరు హమీదా అని సుహేర్‌కి తెలిసింది శవానికి స్నానం చేయించేటప్పుడు, చచ్చాక కూడా పేరు పలకరా, మట్టిలోకి ఎవర్ని పంపిస్తున్నారు మీరు, ఒక మనిషినా, ఇద్దరు మగవాళ్ళ చుట్టరికాన్నా అని ఒళ్ళుమండి రాసిపడేసింది, అన్నీ మార్చింది, నది మార్చింది, మసీదు మార్చింది, పడవ ముక్కుకి వేసిన పచ్చరంగు మార్చడం మర్చిపోయింది, అలాంటి పడవ ఈ ఒడ్డున ఒకటే, అది చదివి ఇది మన ఊరిదే, ఎవతో మన మధ్యే తిరుగుతోంది అని పసిగట్టినవాడు షాజ్లీ, నెల్లాళ్ళుగా హమ్దీ అన్నం తింటూ అదే పాట, మన ఇళ్ళ సంగతులు వీధిలో ఆరేస్తోంది, ఎవతో తెలిస్తే దాని అన్నదమ్ముల మొహాన ఉమ్మేసి వస్తాను అని, సుహేర్ కిమ్మనకుండా అన్న కంచంలో ఇంకో గరిటె పులుసు వేసేది.

తన సంగతి పోనీ, తన్నుతాడు, ఉద్యోగం మాన్పిస్తాడు, ఫోను లాక్కుంటాడు, అది తను తెలిసే నెత్తికెత్తుకుంది, కానీ లోపల ఉన్నవి తన మాటలే అయితే ఇంత భయపడేది కాదు, ఉత్తరాల పెట్టె ఉంది, ఎక్కడెక్కడి ఆడవాళ్ళో రాసినవి, పేరు లేని మనిషికి కాబట్టి తమ పేర్లతో రాశారు, విచిత్రం కాకపోతే ఏమిటి, మొగుళ్ళు పలకని పేర్లు, మైకులో రాని పేర్లు, అక్కడ మాత్రం ఉత్తరం చివర పూర్తిగా తండ్రి పేరుతో సహా రాసి పంపారు, వాళ్ళలో ఒకతె ఇప్పుడు తన ఎడమ పక్కనే కూర్చుని ఉంది, సబాహ్, షాజ్లీ పెళ్ళాం, భుజానికి భుజం తగులుతోంది, తను ఎవరికి రాసిందో ఆ మనిషి పక్కనే కూర్చున్నానని ఆమెకి తెలియదు, నలుగురు ఆడపిల్లల తరవాత డాక్టరు ఇంకో కాన్పు ప్రాణం మీదికి తెస్తుందని చెప్పింది, మా ఆయన కొడుకు పుట్టేదాకా ఆగనంటాడు, లక్సర్ వెళ్ళి మాత్రలు తెచ్చుకుని బియ్యం డబ్బాలో దాచుకుని మింగుతున్నాను, అల్లా నన్ను క్షమిస్తాడా అని రాసింది, సుహేర్ ఆ రాత్రంతా నిద్రపోలేదు, క్షమిస్తాడు, మానకు అని జవాబిచ్చింది, ఆ ఉత్తరం, ఆ జవాబు, రెండూ అక్కడే ఉన్నాయి, తలుపు తెరుచుకుంటే మొదట చదివేవాడు షాజ్లీ. సబాహ్ నవ్వుతూ మోచేత్తో పొడిచింది, వింటున్నావా, మా ఆయన గొంతే అది, ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లన్నీ ఏకరువు పెడుతున్నాడు, సిగ్గులేని మనిషి, నాతో అయితే ఏయ్, ఇదిగో, తప్ప ఇంకో మాట రాదు.

గదిలో అదో ఆటయిపోయింది, బయట ఒక పేరు వినబడగానే లోపల ఆ పేరున్న ఆడది ఉలిక్కిపడటం, మిగతావాళ్ళు గొల్లుమనడం, జమాలాత్ అన్నారు, అదిగో నిన్ను పిలిచారే జమాలాత్, వెళ్ళి అడుగు ఏం కావాలో, నా మొగుడు కూడా ఇంత ప్రేమగా పిలవలేదమ్మా, ఇంకోసారి అనమను, ఇన్షిరాహ్ అన్నారు, రద్వా వాళ్ళమ్మ చెంపలు ఎర్రబడ్డాయి, ఎవడ్రా అన్నది అని చిన్నాన్న బయట కసురుకోవడం వినబడింది, మీ ఆవిడ పేరని మాకేం తెలుసు బాబాయ్, ఇవాళే తెలిసింది, అని నవ్వులు, ఇన్ని పేర్లలోనూ ఎవడి అమ్మ పేరు వాడు చెప్పడం లేదని సుహేర్ గమనించింది, ఊరందరి తల్లుల పేర్లూ తోడుతున్నారు, ఒక్కొక్కడూ తన తల్లి దగ్గరికి వచ్చేసరికి గెంతి అవతలికి పోతున్నాడు, హమ్దీ అరిచి అరిచి చెప్తున్నాడు ఏవేవో పేర్లు, ఆ ఒక్కటి తప్ప, ఆ సిగ్గే తన తలుపుకి అడ్డుగడియ, అల్లా ఆ సిగ్గుని చల్లగా చూడాలి అనుకుంది, అనుకుని అదేం మాటే అని తనని తనే తిట్టుకుంది. అమ్మ బస్‌బూసా మిఠాయి పళ్ళెం పట్టుకుని వరసలో వస్తోంది, నాన్న పోయినప్పటి నుంచి అమ్మ గోరింటాకు ముట్టదు, అందుకని ఇవాళ గదిలో చేతులు ఖాళీగా ఉన్నది అమ్మకే, చిన్నపిల్లలకి పెట్టినట్టు ఒక్కొక్కరి నోట్లో ముక్క పెడుతోంది, టీ గ్లాసు పెదవుల దగ్గర పట్టుకుంటోంది, తిను హమ్దీ వాళ్ళమ్మా నువ్వు కూడా అని ఎవరో అంటే, నాకెందుకులే, అన్నీ పేర్లే వడ్డిస్తున్నారు బయట, కడుపు నిండిపోతోంది అంది, కూర్చోబోతూ కిటికీ వైపు చూసి, ఇందరిని పిలిచారు గానీ నన్ను ఒక్కడు పిలిస్తే ఒట్టు, పొరపాటున కూడా తగలదేం నాది, అంది, అందరూ నవ్వారు, అసలు నీ పేరేమిటి హమ్దీ వాళ్ళమ్మా అంది సబాహ్, పదేళ్ళుగా గోడకి గోడ ఆనుకున్న ఇల్లు, నిజంగా తెలియక అడిగింది, అమ్మ నోరు తెరిచింది, అమ్మా టీ, గొంతు ఎండిపోతోంది, అని సుహేర్ అరిచినంత పని చేసింది, అమ్మ ఆ మాట అక్కడే వదిలేసి గ్లాసు తేవడానికి లేచింది.

అప్పుడే బయట షాజ్లీ కొత్త ఎత్తు ఎత్తాడు, ఇలా కాదురా, దీనికి పద్ధతుంది, రాసేది ఇక్కడున్నవాళ్ళ ఇళ్ళలో ఆడదే అయితే మనం జన్మలో ఆ పేరు చెప్పం, చెప్తామా, చెప్పం, అందుకే ఫోను చేతులు మారుతుంది, ఒక్కొక్కడూ పక్కకి తిరిగి తన తల్లి పేరు కొట్టి, నొక్కి, చెరిపేసి పక్కవాడికివ్వాలి, ఎవడూ చూడడు, ఎవడూ అడగడు, తలుపు తెరుచుకుంటే మాత్రం అది వాడి చెల్లెలో అక్కో, మగాడిలా ఒప్పుకోవాలి. ఛీ, ఇదేం ఆట అన్నాడు హమ్దీ, ఏం, భయమా, మీ ఇంట్లో చదువుకున్నది ఉంది కదా అన్నాడు ఎవడో, నవ్వారు, నోరు మూసుకోరా, మా చెల్లెలు అలాంటిది కాదు అన్నాడు హమ్దీ, కాకపోతే నొక్కు, నొక్కితే కదా కాదని తేలేది, నేనే మొదలెడతాను చూడు అని షాజ్లీ, సుహేర్ ఒళ్ళో ఫోను గుర్రుమంది, అది షాజ్లీ తల్లి, ఆవిడ పేరు ఏమిటో అది ఎవరికీ వినబడకుండానే తప్పయిపోయింది, తరవాత ఇంకొకడు, మళ్ళీ గుర్రు, ఇంకొకడు, మళ్ళీ, మూడు తప్పులయ్యాయి కాసేపు ఆగమంటోంది అన్నాడు షాజ్లీ, సరే, టీ తాగుదాం, తరవాత వంతు హమ్దీది.

వాడు నొక్కుతాడు, నలుగురిలో చెల్లెలి మీద మాట పడ్డాక నొక్కక ఛస్తాడా, చెల్లెలు అలాంటిది కాదని నిరూపించడానికే నొక్కుతాడు, పళ్ళతో దారం ముడి లాగింది, ఏయ్ పిల్లా, ఆరకముందే ఏమిటది, అని ఆ చివర్నుంచి ఫిక్రియా ముసలమ్మ గద్దించింది, అందరూ ఇటు చూశారు, పిడికిలి దించేసింది, ముక్కుతో నొక్కితే, ఇంతమందిలో ఒళ్ళోకి వంగి ముక్కుతో ఫోను నొక్కితే పిచ్చిపట్టిందంటారు, రద్వా స్నేహితురాలిని మోచేత్తోనైనా నొక్కమంటే ఆ పిల్ల చదువుకుంది, చదివేస్తుంది, సబాహ్‌నే అడిగితే, ఆమె చేతులూ కట్టే ఉన్నాయి, నలువైపులా మనుషులు, పాటలు, చెమట, ఇటు కదిలితే బయటపడటం, కదలకపోతే బయటపడటం, అమ్మ టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది, వెడల్పాటి నల్లముసుగు, దాని వెనక గది అంతా మాయమైంది, అమ్మ, చదువురాని అమ్మ, ఖాళీ చేతుల అమ్మ. అమ్మా, గ్లాసు కింద పెట్టి నా ఫోను తియ్యి, చప్పుడు చెయ్యకు, నేను చెప్పిన అంకెలు నొక్కు అంది నోరు కదిలీ కదలకుండా, అంకెలు అమ్మకి కొట్టినపిండి, బాతుగుడ్లు అమ్మిన చెయ్యి, తడబడకుండా నొక్కింది, ఎర్రగా ఉన్నదాని మీద నొక్కు, నీలంది కాదు, ఎర్రది, ఇప్పుడు కింద గీత, ఇక్కడే చిక్కుంది, జవాబు మార్చాలంటే ముందు పాత జవాబు రాయమంటోంది. ఇప్పుడేం రాయాలి అంది అమ్మ. నీ పేరు, అంది సుహేర్.

అమ్మ కళ్ళెత్తి చూసింది, మొన్న చలికాలం సంఘంవాళ్ళ వయోజన పాఠాలకి రెండు నెలలు వెళ్ళింది, అక్కడ మొదట నేర్పింది ఎవరి పేరు వాళ్ళు రాసుకోవడం, తరవాతి పాఠాలకి వెళ్ళలేదు, ఈ వయసులో పలక పట్టుకుని వీధిలో నడుస్తావా అని హమ్దీ మాన్పించాడు, కాబట్టి ఈ లోకంలో అమ్మ రాయగలిగిన మాట ఒక్కటే, చూపుడువేలు గాల్లో నిలబెట్టి వెతుకుతోంది, పాఠాల్లో ఈ అక్షరాలన్నీ ఒకదాన్నొకటి చెయ్యి పట్టుకుని నిలబడేవి, ఇందులో వేటికవి విడిపోయి ఉన్నాయేమిటి అంది, మొదటిది మధ్య వరసలో, కుడి వైపు, అమ్మా తొందరగా, తొందరపెట్టకు, తప్పు రాస్తే నా పేరు కాకుండా పోతుంది అంది అమ్మ, బయట గ్లాసులు పళ్ళెంలో పెడుతున్న చప్పుడు, హమ్దీ, ఇదిగో పట్టు అంటున్నాడు షాజ్లీ, రెండో అక్షరం, మూడోది, నాలుగోది దొరక్క అమ్మ వేలు అటూ ఇటూ తిరుగుతోంది, కిందే ఉంది అమ్మా, అదే, ఆఖరిది, నొక్కు, ఎర్రది నొక్కు, తలుపు తెరుచుకుంది, కొత్త జవాబు రాయమంది. ఇప్పుడు ఎవరి పేరు అంది అమ్మ, ఎవరిదీ కాదు, ఏ అక్షరం తోస్తే అది నొక్కు, బోలెడు నొక్కు, చూడకుండా నొక్కు, అమ్మ కోళ్ళకి నూకలు చల్లినట్టు టపటపా నొక్కింది, ఎర్రది నొక్కింది, అయిపోయింది, పాస్‌వర్డ్ తన బుర్రలో ఉంది, ఆ ప్రశ్నకి మాత్రం జవాబు ఇంక ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు, తనకి కూడా. వాడు నొక్కాడేమో నొక్కలేదేమో, బయట ఏ చప్పుడూ లేదు, ఎవరి పేరు రాశాను అంది అమ్మ, ఎవరి పేరూ కాదమ్మా, అర్థం లేని అక్షరాలు, అమ్మ ఫోను వంక చూసింది, అయితే ఇన్నాళ్ళూ నా పేరు ఇందులో ఉండేదన్నమాట, ఎందుకు పెట్టావు, అందంగా ఉందనా, అంది, ఎవరూ లోపలికి రాకుండా పెట్టానమ్మా అంది సుహేర్, అలాగా, ఎవరికీ తెలియదనా, అంది అమ్మ, కోపం లేదు, బాతుగుడ్డు బరువు చూసినట్టు ఆ మాటని ఒకసారి తూచి పక్కన పెట్టినట్టుంది.

ఫోను గుర్రుమంది, అమ్మ చేతిలోనే వెలిగింది, మీ రహస్య ప్రశ్నకి ఎవరో తప్పు జవాబు ఇచ్చారు, బయట హమ్దీ గొంతు, పెద్దగా, సంతోషంగా, చూశారా, చెప్పానా, మా ఇంటిది కాదని, తీసుకోండి మీ ఫోను, వాడి భుజం చరుస్తున్న చప్పుడు, సబాహ్ ఇటు తిరిగి ఏమైందే, చెమటలు పట్టాయి నీకు అంది, ఉక్క, అంది సుహేర్, సబాహ్ బతికిపోయింది, తను బతికిపోయింది, సంతోషం రావాలి, వస్తుందని ఎదురుచూసింది, రాలేదు, కట్టిన పిడికిళ్ళు కట్టినట్టే ఉన్నాయి, ఇందాకటి కంటే బిగిసినట్టు కూడా ఉన్నాయి, వాడు రాశాడు, పన్ను విరగ్గొట్టుకున్నవాడు పక్కకి తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని తఫీదా అని రాసి, తప్పు అనిపించుకుని, చెరిపేసి, గర్వంగా నవ్వుతున్నాడు, అదే పేరు అంతకు ముందే తను కూడా ముసుగు చాటున రాయించి చెరిపించింది, ఒక్క సాయంత్రం అమ్మ పేరు రెండుసార్లు రాశారు, పిలిచినవాళ్ళు లేరు, పాఠాలు మాన్పించింది హమ్దీ అని అమ్మ అనుకుంటుంది, నిజమే, కానీ పాఠాలు మానేశాక అమ్మ ఎండలో రొట్టెలు పొంగబెట్టే మట్టి పలకల మీద మేకుతో తన పేరు గీసుకోబోతే వద్దన్నది ఎవరు, ఊరందరి పొయ్యి దగ్గరికి పలకలు మోసుకెళ్ళేవాళ్ళు చదువుతారమ్మా, బాగుండదు, గుర్తుకి ఒక సున్నా చుట్టుకో చాలు అన్నది ఎవరు, అమ్మ సరేనని సున్నా చుట్టింది, ఇప్పటికీ ఆ సున్నా పలకల మీదే పిండి పొంగుతుంది, ఇందాక సబాహ్ అడిగితే చెప్పడానికి తెరిచిన నోరు టీ కోసం అరిచి మూయించింది ఎవరు, పడవ హమీదా పేరు మైకులో చెప్పలేదని అంత రాసిన చెయ్యే కదా ఇది, పొరపాటున ఎప్పుడైనా అమ్మ పేరు పైకి అంటే బ్లాగు పోతుందని ఇన్నేళ్ళూ అమ్మని హమ్దీ వాళ్ళమ్మగానే ఉంచింది, రేపెప్పుడో అమ్మ పోతే మైకులో ఏమంటారో తెలిసి కూడా ఉంచింది, ఆ తాళం అంత గట్టిగా ఉన్నది అమ్మకి పేరు లేకుండా ఉన్నంతసేపే, ఆ సంగతి తనకి మొదటి రోజు నుంచీ తెలుసు, అందుకే ఆ ప్రశ్న చూసి ప్రాణం లేచొచ్చింది, అమ్మ చల్లారిన టీ గ్లాసు తీసి ఆమె పెదవుల దగ్గర పెట్టింది, తాగు, ఇందాక గొంతెండిపోయిందన్నావు అంది, సుహేర్ తాగింది, అమ్మ పేరుని హమ్దీ పరువు కోసం దాచాడు, తను తెలివిగా దాచింది, వాడు పాఠాలు మాన్పించి దాచినప్పుడు దాస్తున్నాడని అమ్మకి కనీసం తెలిసింది.